గెడ్డ గట్టు దారి

“—నా గట్టు దిగి వచ్చినంత మాత్రాన అయి నా పందులైపోతాయేటి బావా? పేర్లెట్టి పెంచుతన్నానా నేను?”

“పెంచినట్టే. తుప్పలు కొట్టించమని ఏడాదై మొత్తుకుంటన్నాను. అయి పిల్లలెట్టుకోడానికి నువ్వే పురిటిల్లు కట్టించినట్టున్నాది ఆ గట్టు.”

మోటారు షెడ్డు పక్కన సంచీ దించుకుని నిలబడ్డ నానాజీకి ఈ మాటలు చెరకు తోట లోపలి నుంచి వినిపిస్తున్నాయి. మొదటి గొంతు చిన్నబాబుది, రెండోది త్రినాధరావుది. ఇద్దరివీ ఆనుకున్న పొలాలు. వరసకి బావా బావమరుదులు. మనిషెత్తు దాటిన చెరకుని దుబ్బుదుబ్బుకీ జడచుట్లు వేసి, గాలికి ఒరగకుండా కట్టి నిలబెట్టుకుంటే, కొండ దిగొచ్చిన అడవిపందులు ఒక్క రాత్రిలో నాలుగు వరసలు పడగొట్టి, మొదళ్లు నమిలి పిప్పి ఉమ్మేసి పోయాయి. పందుల్ని ఎవరూ ఏమీ అనలేరు కనుక ఇద్దరూ ఒకరినొకరు అనుకుంటున్నారు.

తగువు చల్లారేదాకా నానాజీ లోపలికి వెళ్లలేదు. బీడీ ముట్టించబోయి మానుకున్నాడు. కెమెరా కట్టే రోజు ఒంటికి పొగవాసన పట్టకూడదని అతని నియమం. పందికి చూపు మందం, ముక్కు చురుకు.

నలభై దాటిన మనిషి నానాజీ. రోలుగుంట దాటాక కొండవారనున్న ఆ ఊళ్లోనే పుట్టాడు. చెప్పుకోదగ్గ భూమి లేదు. కుర్రతనంలో బెల్లం పొయ్యి దగ్గర మంట వేసేవాడు. పొయ్యిలు ఒక్కొక్కటే ఆరిపోతుంటే, కొండ మీద జంతువుల లెక్క తీసే అటవీ శాఖ వాళ్ల దగ్గర దినకూలీకి కుదిరాడు. ఈ విద్య అక్కడే పట్టుబడింది. అరచేతికి కాస్త పెద్దగా ఉండే ఆకుపచ్చ పెట్టెని చెట్టుకి పట్టీతో బిగించి కట్టాలి. దాని ముందు నుంచి ఏ ప్రాణి నడిచినా ఒంటి వేడికి అదే మేలుకుని ఫొటో తీస్తుంది. చీకట్లోనైనా మెరుపు మెరవదు, చప్పుడు రాదు. ఆ కూలిపని ఆగిపోయాక అతను విశాఖపట్నంలో పాతవి రెండు కెమెరాలు కొనుక్కుని ఊరికి వచ్చేశాడు. ఇప్పుడు చుట్టుపక్కల చెరకు రైతులూ, గొలుగొండ వైపు జీడితోటల వాళ్లూ కబురు పెడతారు. వస్తున్నది ఏ జంతువు, ఎన్ని, ఏ పక్క నుంచి, ఏ వేళకి అన్నది చూసి చెప్తాడు. కెమెరా నానాజీ అంటారు. ఆ పేరంటే అతనికి లోలోపల ఇష్టం. బెల్లం పొయ్యి దగ్గర అతనికి పేరే ఉండేది కాదు, “ఒరే మంట” అని పిలిచేవారు.

ఈసారి కబురు పెట్టింది త్రినాధరావు. పంట పాడుచేసే పందుల్ని కొట్టడానికి అనుమతి, లైసెన్సు తుపాకీ ఉన్న మనిషినొకణ్ని నర్సీపట్నం వైపు మాట్లాడుకున్నాడు. ఆ తుపాకీ మనిషి ఊరికే వచ్చి చీకట్లో కూర్చోనన్నాడు. దారి ఏదో, వేళ ఏదో ఫొటోలతో చూపిస్తేనే బండి ఎక్కుతానన్నాడు.

ముగ్గురూ గెడ్డ వెంట నడిచారు. కొండ నుంచి దిగే ఆ వాగు కార్తీకానికి సన్నబడి, రాళ్ల మధ్య తీగలా పారుతోంది. నానాజీ వంగి వంగి చూసుకుంటూ పోయాడు. బురదలో దొర్లిన గుంట కనిపించింది. తుమ్మ మొదలుకి మోకాలెత్తున ఒళ్లు రుద్దిన బురదచార కనిపించింది. అక్కణ్నించి గట్టు ఎక్కి, తుప్పల మధ్యగా చెరకు వైపు పోయే సన్నటి దారి ఒకటి ఉంది. బాగా నలిగిన దారి. రెండు పక్కలా గడ్డి ఒరిగిపోయి ఉంది.

“ఇదే,” అన్నాడు నానాజీ.

ఎదుటి గానుగచెట్టుకి, పంది భుజం ఎత్తు చూసుకుని, కెమెరా బిగించాడు. ఎండపొడ పడకుండా ముఖం ఉత్తరానికి తిప్పాడు. గాలికి ఊగే గడ్డి ఉత్తపుణ్యానికి వెయ్యి ఫొటోలు తీయిస్తుందని ముందున్న జాగా అంతా కొడవలితో కోశాడు. చీమలు పెట్టెలో కాపురం పెట్టకుండా పట్టీకి కాస్త కిరసనాయిలు రాస్తాడు గానీ, ఈసారి వాసనకి భయపడి సుద్దపొడి రుద్దాడు. చివరికి లుంగీ ఎగ్గట్టి, నాలుగు కాళ్ల మీద దారి వెంట పాకాడు. పెట్టె మీద ఎర్రచుక్క వెలిగితే కెమెరా చూసినట్టు.

చిన్నబాబు నవ్వాపుకోలేకపోయాడు. “బావా, తుపాకోడ్ని ఇప్పుడే పిల్చేద్దామా?”

“నువ్వు పాకితే బాగుంటాది. సైజు కలుత్తాది,” అన్నాడు త్రినాధరావు. పొద్దుటి తగువు అక్కడితో సరిపోయింది.

ఏడెనిమిది రోజులాగి నానాజీ కార్డు తీసుకొచ్చి, ఇంటి అరుగు మీద కూర్చుని ఫోనుకి తగిలించాడు. మొదట నక్క ఒకటి. తర్వాత పందులు, అనుకున్నట్టే. ముందు ముసలి ఆడపంది, వెనక చారల పిల్లలు, విడిగా ఒక పెద్ద మగపంది. తొలికోడి కూశాక, తెల్లారకముందు. అతను తృప్తిగా వేలితో జరుపుకుంటూ పోయాడు.

తర్వాతి ఫొటోలో చీర కుచ్చెళ్లు, చేతిలో నీళ్ల సీసా ఉన్నాయి.

ఒక్క క్షణం అర్థం కాలేదు. ఇంకొకటి జరిపాడు. ఇద్దరు మనుషులు. ఇంకొకటి. చేతికర్ర పట్టుకుని మెల్లగా గట్టు ఎక్కుతున్న ముసలి మనిషి. బూడిదరంగు బొమ్మలో కళ్లు రెండు తెల్లటి చుక్కల్లా ఉన్నా, నడుం వంపు చూస్తే తెలిసిపోయింది. త్రినాధరావు తల్లి దేముడమ్మ. ఆ తర్వాతి ఫొటోలో, చెంగు తలమీద కప్పుకుని, చెంబు పక్కకి దాచుకున్నట్టు పట్టుకుని నడుస్తున్నది తన భార్య లావణ్య.

నానాజీ ఫోను బోర్లించి ఒళ్లో పెట్టుకున్నాడు. వీధిలో ఎవరూ లేరు. అయినా లేచి ఇంట్లోకి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. ఒక్కొక్కటీ తెరిచి చూడకుండా, చిన్న బొమ్మల మీదే వేలుపెట్టి తుడిపేశాడు. తొందరలో పందులవి కూడా కొన్ని పోయాయి.

ఆ ఊళ్లో ఎవరి గట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ప్రతి మగవాడూ కళ్లుమూసుకుని చెప్పగలడు. పొద్దున్నే ఆడవాళ్లు ఎటు వెళ్తారో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ వేళకి మగవాళ్లు రోడ్డు వైపు పోతారు. చీకట్లో అడుగుల చప్పుడు వినిపిస్తే దగ్గి, ముఖం తిప్పుకుని నిలబడతారు. అడగకపోవడం, తెలుసుకోకపోవడం అక్కడ మర్యాద. ఇదివరకు తాటితోపు వెనక దిబ్బ ఉండేది. నిరుడు ఎవరో దాన్ని ప్లాట్లు కోసి, రంగురాళ్లు పాతి, చుట్టూ కంచె వేశారు. అప్పుడు ఆడవాళ్లు ఎటు మళ్లారని ఏ మగవాడూ ఆలోచించలేదు. నానాజీ కూడా ఆలోచించలేదు. పంది నడిచిన దారి తవ్వినట్టుంటుంది, అలా నున్నగా నలగదు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. తెలిసి కూడా మేకలు తిరిగిన దారి అనుకున్నాడు.

అప్పుడే చెప్పి ఉంటే ఒక రకంగా ఉండేది. ఎవరికి చెప్పాలి, ఏమని మొదలుపెట్టాలి? మీ ఇంటి ఆడవాళ్లని ఫొటోలు తీశాను అనా? తుడిపేశానంటే నమ్మేదెవరు? ఆ మధ్యాహ్నమే పోయి, కెమెరా విప్పి, గెడ్డలోకి దించి బురదగుంట వైపు తిప్పి కట్టాడు. అక్కడ పడిన పందుల ఫొటోలు చెరకు రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అందరూ బొటనవేళ్లు పెట్టారు. “దారి దొరికింది” అని త్రినాధరావు రాశాడు. కింద చిన్నబాబు ఆడపంది ఫొటోకి దండం పెట్టి, “మా వదినే” అని రాశాడు.

నానాజీ ఆ రాతలు చూసి నవ్వలేకపోయాడు. ఆ రోజు నుంచి ఎవరైనా “ఏటి కెమెరా, ఏటి పడింది?” అని అడిగితే మాట మార్చేసేవాడు. ఒకసారి కార్డు ఇవ్వడానికి త్రినాధరావు ఇంటికి వెళ్తే, వసారాలో చింతపండు పిక్కలు తీస్తున్న దేముడమ్మ అతన్ని పిలిచింది.

“పందులికైతే ఫొటోలు తీత్తన్నావుట. ఈ ముసిల్దానికొకటి తియ్యరాదేట్రా? పోయేక గోడకెట్టుకుంటాడు మా వోడు.”

“తీత్తానత్తా,” అన్నాడు నానాజీ. ఆవిడ చేతికర్ర స్తంభానికి ఆనించి ఉంది. దాని కొసకి గెడ్డ మట్టి ఎండి అంటుకుని ఉంది. పెరట్లో త్రినాధరావు నిరుడు కట్టించిన టైల్సు మరుగుదొడ్డి తెల్లగా మెరుస్తోంది.

ఇంతలో పంచాయతీ ఎన్నికలు వచ్చిపడ్డాయి. లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించేయమన్నారు. నర్సీపట్నం మనిషి, ఓట్లయ్యాకే వస్తానని ఫోను పెట్టేశాడు. ఓట్లయ్యేదాకా పందులు ఆగలేదు. మరో నాలుగు వరసలు పోయాయి.

ఆ సాయంత్రం టీ దుకాణం వెనక్కి పిలిచి త్రినాధరావు మెల్లగా చెప్పాడు. వైరు లాగుతాడట. మోటారు షెడ్డు నుంచి కరెంటు. పందులు దిగే గట్టుకి అడ్డంగా జానెడు ఎత్తున, తెల్లగా వెలుగొచ్చేదాకా. ఆ గెడ్డ వెంట పొలాలున్న మరో నలుగురు కూడా సై అన్నారు, చిన్నబాబుతో సహా. ఫొటోలున్నాయి కాబట్టి ఎక్కడ లాగాలో వెతుక్కోవలసిన పనిలేదు.

కేసవుతుందన్నాడు నానాజీ. ఎవరు చెప్తారు, నువ్వా అని నవ్వాడు త్రినాధరావు. గొడ్లు పడతాయంటే, ఆ వేళకి గొడ్లు కట్టుకొయ్య దగ్గరే ఉంటాయి కదా అన్నాడు. మనుషులెవరైనా, అని మొదలుపెట్టాడు నానాజీ.

“ఆ తుప్పల్లోకి తెల్లారగట్ట ఏ మనిషెల్తాడ్రా? దెయ్యాలు కూడా ఎల్లవు.”

రేపు సాయంత్రం షెడ్డు దగ్గరికి రమ్మని, కెమెరా మొదట కట్టిన చోటు సరిగ్గా చూపించమని చెప్పి త్రినాధరావు టీ డబ్బులు ఇచ్చేసి వెళ్లాడు.

మర్నాడంతా నానాజీ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఆ రాత్రే ఎవరైనా తొందరపడి వైరు లాగేశారేమోనని, పొద్దెక్కాక పోయి గట్టంతా చూసొచ్చాడు. వైరు లేదు. మెత్తటి మట్టిలో పాదాలు ఉన్నాయి, చిన్నవీ పెద్దవీ, వాటి మధ్య గిట్టల గుర్తులు, పక్కనే కర్ర గుచ్చుకున్న గుంటలు. ఇంటికొచ్చి అన్నం కంచం పక్కకి జరిపేసి లేచాడు. లావణ్య వాకిట్లో మినుములు చెరుగుతోంది. చెంతకి పోయి నిలబడ్డాడు.

“రేపట్నించి పొద్దున్నే గెడ్డకాసి ఎల్లకు.”

చేట ఆగింది. “గెడ్డకాసి ఎల్తన్నానని నీకెవలు సెప్పేరు?”

అతను వీధి వైపు చూశాడు. ఆమె అతన్నే చూస్తోంది. చేట కింద పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుంది.

“కెమెరాలో పడ్డామా?”

తలూపాడు.

“ఎవలెవలు?”

“అందరూ.”

ఆమె ముఖం ఎర్రబడింది. కోపమో సిగ్గో అతనికి తెలియలేదు. ఉంచావా అని అడిగింది. ఆ పూటే తుడిపేశాను, ఒట్టు అన్నాడు.

“నాకెందుకు ఒట్టు. ఊరికెట్టుకో.”

అప్పుడు వైరు సంగతి చెప్పాడు. ఎక్కడ లాగుతున్నారో, ఎప్పుడు లాగుతున్నారో, ఎంతమంది లాగుతున్నారో అన్నీ చెప్పి, ఆడవాళ్లందరికీ నువ్వు చాటుగా ఒక మాట చెప్పెయ్ అని బతిమాలాడు. ఈ మాట ముందే తట్టి ఉంటే మనసు కాస్త కుదుటపడేదనిపించింది.

లావణ్య అలా అనుకోలేదు. తను చెప్పేది ఎంతమందికి అంది. పై వీధి వాళ్లు కూడా అటే వస్తారు. హాస్టలు నుంచి సెలవులకొచ్చే ఆడపిల్లలు వస్తారు, పెళ్లిళ్లకొచ్చిన చుట్టాలు వస్తారు. నీకెలా తెలుసని ఒక్కరడిగినా ఏం చెప్పాలి?

“దేముడమ్మత్తకి సెప్పగలవేటి? దొడ్డి గోడ దేవుడి గది గోడకి ఆనుకున్నాదని ఆవిడ అందులో అడుగెట్టదు. కొడుకు ఖర్సెట్టి కట్టించేడు, బాధపడతాడని ఆడికీ సెప్పదు. అందరికన్నా ముందు, ఒక్కతీ ఎల్తది. చెవి కూడా సరిగ్గా ఇనబడదు.”

“మరి మనకి గవర్నమెంటోళ్లు కట్టింది ఉన్నాది కదా. నువ్వెందుకెల్లాలి అటు?”

“అందులో యూరియా బస్తాలెట్టింది ఎవలు?”

నానాజీ పెరటి వైపు చూశాడు. బస్తాల మీద అతని కెమెరా పట్టీలు, పాత బ్యాటరీలు కూడా ఉన్నాయి.

లావణ్య మళ్లీ చేట అందుకుంది. నాలుగుసార్లు చెరిగి, తలెత్తకుండానే అంది. “నన్ను సెప్పమనకు. సూసింది నువ్వు.”

సాయంత్రం షెడ్డు దగ్గరికి అతను అందరికన్నా ముందే పోయాడు. నిలబడలేక, మోటారు చుట్టూ తిరిగాడు. త్రినాధరావు, చిన్నబాబు బండి మీద వచ్చారు. చిన్నబాబు భుజాన ఇనుప తీగ చుట్ట, చేతిలో వెదురు గుంజలు. ఇంకా వెలుగుంది, గబగబా పని కానిచ్చేద్దాం పదమన్నాడు త్రినాధరావు.

నానాజీ కదల్లేదు.

“వైరు లాగొద్దు బావా. ఆ గట్టమ్మట మనూరి ఆడోళ్లు ఎల్తన్నారు.”

ఎవరు చెప్పారన్నాడు త్రినాధరావు. ఎవరూ చెప్పలేదు, నేనే చూశాను, నా కెమెరాలో పడ్డారు అన్నాడు నానాజీ. దారి నున్నగా ఉన్నా కనిపెట్టలేకపోయానని, మొదటి కార్డులోనే తెలిసిందని, తుడిపేసి ఊరుకున్నానని, ఇంతకాలం దాచానని అంతా చెప్పాడు. మధ్యలో ఆగితే మళ్లీ మొదలుపెట్టలేననిపించి ఆగలేదు.

చిన్నబాబు భుజం మీది తీగచుట్ట జారి మోచేతికి వచ్చింది. దాన్ని మళ్లీ పైకి ఎగేసుకోలేదు. త్రినాధరావు రెండడుగులు ముందుకొచ్చాడు.

“ఆడోళ్ల ఫొటోలు తీసి నెల్లాళ్లు నోరు మూసుకున్నావా? మా ఇంటికొచ్చి మా అమ్మెదుట కూకున్నావు కదరా.”

“అత్త కూడా ఎల్తది బావా. కర్రట్టుకుని, అందరికన్నా ముందు.”

“అబద్ధం. మా ఇంట్లో దొడ్డి ఉన్నాది.”

“ఉన్నాది. వాడదు. ఇంటికెల్లి ఆ కర్ర కొస సూసుకో.”

త్రినాధరావు చెయ్యెత్తాడు. చిన్నబాబు మధ్యలోకి వచ్చి పట్టుకున్నాడు. ఎత్తిన చెయ్యి కాసేపు అలాగే ఉండి, దానంతటదే దిగింది. అతను పోయి మోటారు దిమ్మ మీద కూర్చున్నాడు. తల్లి గురించి చెప్పింది అతను నమ్మాడని నానాజీకి తెలుస్తూనే ఉంది. నమ్మకపోతే కొట్టేవాడు.

తర్వాత త్రినాధరావు మామూలు గొంతుతో మాట్లాడాడు. తను వైరు లాగడు. చిన్నబాబు కూడా లాగడు. ఈ మాట మాత్రం ముగ్గురి మధ్యే ఉండాలి. అమ్మ పేరు నలుగురి నోళ్లలో పడితే తను ఊళ్లో తిరగలేడు. బయటపడితే నానాజీని మాత్రం ఎవరు బతకనిస్తారు? ఇక ఎవరైనా అతనికి తోట చూపిస్తారా? ఇంటికి రానిస్తారా?

ఆ మాటల్లో కాదనవలసింది ఏమీ కనిపించలేదు నానాజీకి. అవన్నీ తను రాత్రంతా అనుకున్నవే. మిగతా ముగ్గురి సంగతేమిటని అడిగాడు. వాళ్లకి తాను నచ్చజెప్తానన్నాడు త్రినాధరావు. ఏమని చెప్తావు అంటే మోటారు దిమ్మ మీది దుమ్ము చేత్తో తుడిచాడు. చిన్నబాబు తీగచుట్టని చూస్తూ, ఆ ముగ్గురిలో కింద పొలమాయన నిన్ననే తీగ కొనుక్కొచ్చాడని, అతనిది ఎవరి మాటా వినే రకం కాదని గొణిగాడు. గ్రూపులో నానాజీ పెట్టిన ఫొటోలే చూసుకుని, గెడ్డలో చోటు కూడా గుర్తుపట్టి పెట్టుకున్నాడట.

నానాజీ జేబులోంచి కెమెరా కార్డు తీసి చేతిలో పట్టుకున్నాడు.

“పొద్దు గూకేలోగా ఆయనింటికి నేనెల్తన్నాను బావా. రేపు పొద్దున్న పాలకేంద్రం కాడ మగోళ్లూ ఆడోళ్లూ అందరూ ఉన్నప్పుడు, నీకు సెప్పినట్టే మొత్తం సెప్పేత్తాను. అత్త పేరెత్తను. నా పేరెత్తుతాను.”